సిగ్నల్ లేని చోటికి పాటల మూట

రాజమండ్రిలో ఉన్నప్పుడు ఫోన్‌లో సిగ్నల్ గీతలు నాలుగూ నిటారుగా నిలబడి ఉంటాయి. గోకవరం దాటేసరికి ఒకటి నీరసపడుతుంది. రంపచోడవరం దాటాక రెండు మిగిలితే గొప్ప. మారేడుమిల్లిలో టీ తాగి, చింతూరు ఘాట్ వైపో, పుల్లంగి మీదుగా గుడిస కొండ వైపో బండి తిప్పారా, ఆ మిగిలినవీ సెలవు తీసుకుంటాయి. నల్లమలలో దోర్నాల నుంచి శ్రీశైలం వెళ్లే దారిలోనూ ఇదే వరస. అలాంటి చోట మనిషిని పట్టి పీడించేవి మూడు: దోమ, పక్క సీట్లో చుట్టం, నిశ్శబ్దం. దోమకు ఓడోమాస్ ఉంది. మిగిలిన రెంటి నుంచీ కాపాడేవి మీరు మోసుకెళ్లే పాటలూ సినిమాలూ మాత్రమే.

వాటిని ఎలా మోసుకెళ్లాలో చెప్పే అర్హత నాకుంది. పాతికేళ్లుగా మోస్తున్నాను. అనుకున్న పాటను అనుకున్న చోట ఇంతవరకూ ఒక్కసారి కూడా వినలేదు. ఇంత అనుభవం ఉన్నవాడు మీకు మళ్లీ దొరకడు గనక కాస్త శ్రద్ధగా చదవండి.

అన్నిటికన్నా ముందు మాట, ఏరుకోకండి. ఏ పాటలు వింటాం, ఏ సినిమా చూస్తాం అని కాగితం మీద రాసుకోవడం పిరికివాళ్ల పని. కూతురు అమెరికా వెళ్తుంటే తల్లి ఆవకాయ, మాగాయ, గోంగూర, కందిపొడి, సున్నుండలు అన్నీ 'అక్కడ దొరుకుతాయో లేదో' అంటూ కట్టి పెడుతుందే, సరిగ్గా ఆ బుద్ధితో సర్దాలి. ఘంటసాల భగవద్గీతా ఉండాలి, ఇళయరాజా పాటలన్నీ ఉండాలి, మీరెన్నడూ వినని జాజ్ కూడా ఉండాలి. కొండ మీద మధ్యరాత్రి ఒక్కసారిగా జాజ్ వినాలనిపిస్తే ఎవర్నడుగుతారు?

ఇందుకు హార్డ్ డిస్కు కావాలి. పెట్టె మీద 1 టీబీ అని ఉంటుంది, కంప్యూటరుకు తగిలిస్తే 931 జీబీ అంటుంది. కంగారుపడకండి, ఎవరూ మోసం చెయ్యలేదు. తయారుచేసినవాడు వెయ్యి లెక్కన కొలుస్తాడు, కంప్యూటరు 1024 లెక్కన కొలుస్తుంది. అమ్మేవాడి కుంచం వేరు, కొనేవాడి కుంచం వేరు, అంతే. ఇక అందులో ఎన్ని పడతాయో చూడండి. మంచి నాణ్యత గల ఎంపీత్రీ, అంటే 320 కేబీపీఎస్‌ది, అయిదు నిమిషాల పాటకు 12 ఎంబీ తింటుంది. ఆ లెక్కన ఒక డిస్కులో ఎనభై వేలకు పైగా పాటలు పడతాయి. తిండీ నిద్రా మానేసి వింటే తొమ్మిదిన్నర నెలలు వస్తాయి. మేము మారేడుమిల్లి వెళ్లింది శుక్రవారం పొద్దున, తిరిగొచ్చింది ఆదివారం సాయంత్రం. చాలదేమోనని నేను రెండు టెరాబైట్లది కొన్నాను.

పాటలు ఎక్కించడం బయల్దేరే ముందు రాత్రి పదకొండింటికి మొదలుపెట్టండి. వారం ముందు మొదలుపెడితే ఏం తప్పు జరిగిందో తెలిసిపోతుంది, సరిచేసుకునే టైమూ ఉంటుంది. ఇక అందులో సాహసమేముంది? చవక పెన్‌డ్రైవు సెకనుకు పది ఎంబీల చొప్పున రాస్తుంది గనక 32 జీబీ నిండడానికి గంట పడుతుంది. ఆ గంటా తెర మీద 'ఇంకా 12 నిమిషాలు' అని, వెంటనే '3 గంటలు' అని, అంతలోనే '40 సెకన్లు' అని మారుతూ ఉంటుంది. బస్టాండు ఎంక్వయిరీ కిటికీ దగ్గర నిలబడ్డ అలవాటున్నవాళ్లకు ఇది కొత్తేమీ కాదు.

సరిగ్గా పదకొండున్నరకు ఒక పెద్ద సినిమా దగ్గర అది ఆగిపోతుంది. ఫైలు మరీ పెద్దది అంటుంది. ఇరవై జీబీ ఖాళీ కనబడుతూనే ఉంటుంది, అయిదు జీబీ సినిమాకు చోటు లేదంటుంది. ఎందుకంటే ఆ పెన్‌డ్రైవు ఫ్యాట్32 అనే పాత పద్ధతిలో ఫార్మాట్ అయి ఉంటుంది. అందులో ఒక్కో ఫైలు 4 జీబీ లోపే ఉండాలి. బస్తాలు ఎన్నయినా పడతాయిగానీ ఒక్కో బస్తా గుమ్మంలోంచి పట్టాలి కదా. ఎక్స్‌ఫ్యాట్‌కు మారిస్తే ఈ గుమ్మం బాధ తీరుతుంది, కాకపోతే పాత కారు సెట్లు చాలావాటికి ఎక్స్‌ఫ్యాట్ చదవడం రాదు. సినిమాలకు ఒక పెన్‌డ్రైవు, పాటలకు ఇంకొకటి వేరుగా పెట్టుకుంటే రెండు గొడవలూ ఉండవు. దానికి ఇంకో నాలుగైదొందలు అవుతాయి. రెండు టెరాబైట్ల డిస్కు కొన్నవాడికి అలాంటి దుబారా తగదు.

ఇదంతా ఎందుకు, యాప్‌లో డౌన్‌లోడ్ చేసుకున్నాం కదా అంటారు కుర్రాళ్లు. మంచిదే. పాట పక్కన ఆకుపచ్చ టిక్కు కనిపించగానే గుండె మీద చెయ్యేసుకుని పడుకోండి. అయితే అది మీ సొత్తు కాదు, అద్దె సరుకు. అద్దె ఇంటి పెరట్లో మామిడి మొక్క వేసినట్టు. కొన్ని యాప్‌లకు నెలకోసారైనా నెట్ తగలకపోతే పాటలకు తాళం వేసేస్తాయి. కొన్ని సినిమాలు ఒకసారి మొదలుపెట్టాక 48 గంటల్లో ముగించకపోతే తెర మీది నుంచి మాయమవుతాయి. ఇంకొన్ని 'మీరు మీరేనా, ఒకసారి నెట్‌కు కలిపి చెప్పండి' అంటాయి. ఇంట్లో ఉండగానే ఏరోప్లేన్ మోడ్ పెట్టి నాలుగు పాటలు నొక్కి చూస్తే, ఏది మోగుతుందో ఏది మొరాయిస్తుందో రెండు నిమిషాల్లో తేలిపోతుంది. అందుకే ఎట్టి పరిస్థితుల్లోనూ అలా చూడకండి. తెలుసుకోవలసినవి అడవిలో తెలుసుకుంటేనే బాగా గుర్తుంటాయి.

ఇక్కడ ఒక పాత సంగతి చెప్పాలి, మీకు ఎలా ఉండకూడదో తెలియడానికి. 1990 ప్రాంతాల్లో పాటలు కావాలంటే రికార్డింగు షాపుకు వెళ్లేవాళ్లం. నోటు పుస్తకంలోంచి చింపిన కాగితం మీద పాటల జాబితా, ఒక ఖాళీ సీ-90 క్యాసెట్టు ఇచ్చేవాళ్లం. పక్కకు నలభై ఐదు నిమిషాలు, అంటే రెండు పక్కలా కలిపి ఇరవై పాటలకు లోపు. ఇరవయ్యో పాట రాస్తే షాపాయన పెన్నుతో కొట్టేసేవాడు. 'ఇది పట్టదు బాబూ, దేన్ని తియ్యమంటావో నువ్వే చెప్పు' అనేవాడు. ఆ దేన్ని తియ్యాలన్న దగ్గర మా అన్నయ్యా నేనూ షాపు మెట్ల మీద కూర్చుని ముప్పావుగంట తగువులాడుకున్న రోజులున్నాయి. నాలుగు రోజుల తరవాత క్యాసెట్టు వచ్చేది, అట్ట మీద స్కెచ్ పెన్నుతో గుండ్రటి అక్షరాల్లో పాటల పేర్లు. టేపు నమిలితే నటరాజ్ పెన్సిలు చక్రంలో దూర్చి తిప్పి సరిచేసుకునేవాళ్లం. ఆ పద్దెనిమిది పాటలే వినీ వినీ, ఏ పాట తరవాత ఏది వస్తుందో, మధ్యలో టేపు గరగరలాడే చోటు ఏ చరణంలో ఉందో కూడా నోటికొచ్చేసింది. ఇప్పటికీ ఒక పాట ఎక్కడైనా ముగిస్తే, దాని వెనకాల ఆ క్యాసెట్టులోని తరవాతి పాట నా తలలో మొదలవుతుంది. ఎంత వెనకబాటుతనమో చూడండి. ఇవాళ నా డిస్కులో లక్షా చిల్లర పాటలున్నాయి, ఒక్కటీ నోటికి రాదు.

సరే, ప్రయాణానికి వద్దాం. మేము పదకొండు మందిమి, ఒక టెంపో ట్రావెలరు. డ్రైవరు పక్కన సీటు నేనే పట్టాను, సెట్టు చేతికందాలి కదా. పెన్‌డ్రైవు గుచ్చాను. 'రీడింగ్' అని వచ్చింది. గోకవరం దాకా రీడింగే. నాలుగు వేల పాటలు చదవడమంటే మాటలా. ఫైళ్ల పేర్ల విషయంలో నా పద్ధతే మీరూ పాటించండి: ఏది ఎలా వచ్చిందో అలాగే వదిలెయ్యాలి. ట్రాక్ 1, ట్రాక్ 1 మళ్లీ, ట్రాక్ 1 కొత్తది, వాట్సాప్‌లో వచ్చిన అంకెల తోరణాలు. తెలుగులో పేర్లు పెడితే మరీ మంచిది, పాత సెట్టు ఆ అక్షరాలను వరసగా చిన్న చిన్న డబ్బాలు చేసి చూపిస్తుంది. సంఖ్యలతో మొదలయ్యేవి సెట్టుకు ముందొస్తాయి. ఆ లెక్కన మా వ్యానులో మోగిన మొట్టమొదటి పాట, ఒకప్పుడు ఫోన్‌లో నేను రికార్డు చేసి మర్చిపోయిన మా అపార్ట్‌మెంటు మీటింగు. నీళ్ల మోటారు రిపేరు మీద నలభై రెండు నిమిషాల చర్చ.

మీట నొక్కితే తరవాతిదానికి వెళ్తుందనుకున్నాను. సెట్టు అప్పటికి ఆ స్థితిలో లేదు, ఇంకా చదువుకుంటోంది. రంపచోడవరం దారిలో పదకొండు మందీ మోటారు చర్చ వింటూ కూర్చున్నారు. అయిదు నిమిషాల తరవాత వెనక సీట్లోంచి మా అత్తగారు, "ఎవరండీ అల్లుడుగారూ, ఆ మధ్యలో అంత గట్టిగా అరుస్తున్నాయన?" అని అడిగారు.

"నేనేనండి అత్తయ్యగారూ."

ఆవిడ మరి మాట్లాడలేదు. డ్రైవరు మాత్రం కాసేపు ఆగి, ఎంతో మర్యాదగా, "సార్, తమరేం అనుకోకపోతే నా పెన్‌డ్రైవు పెడతానండి. ముప్ఫై పాటలేనండి. అన్నీ మంచియ్యేనండి, ఆయ్" అన్నాడు. మీక్కూడా ఇలాంటి మనిషి ఎదురుపడతాడు. ఒప్పుకోకూడదు. ముప్ఫై పాటలున్నవాడిని చూసి జాలిపడాలి తప్ప, వాడి పాటలకు తాళం వేస్తూ కూర్చోకూడదు. వెనక ఉన్నవాళ్లంతా 'పెట్టవయ్యా పెట్టు' అని అరిచినా సరే. నేను ఒప్పుకోలేదు.

తీగల సంగతి. హార్డ్ డిస్కుకు వచ్చే కేబులు మూతి ఒకటి విచిత్రంగా ఉంటుంది, వెడల్పుగా, మధ్యలో చిన్న నొక్కుతో రెండు ముక్కలు అతికించినట్టు. మైక్రో-బీ అంటారు. ఇప్పటి ఫోన్ల చార్జరు తీగ దీనికి పనికిరాదు. అంచేత దీన్ని ఇంట్లో కంప్యూటరు వెనకే వదిలి వెళ్లండి, భద్రంగా ఉంటుంది. మారేడుమిల్లిలో బొంగు చికెన్ ఎన్ని కొట్లలోనైనా దొరుకుతుంది, ఈ తీగ అడిగితే కొట్టువాళ్లు మన వైపు చూసి, తరవాత ఒకరి వైపు ఒకరు చూసుకుంటారు. నా రెండు టెరాబైట్ల డిస్కు ఆ మూడు రోజులూ సంచిలో ఇటుక రాయిలా ఉంది. రాత్రి గాలికి కాటేజీ తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టడానికి పనికొచ్చింది, అబద్ధమెందుకు చెప్పాలి.

కరెంటు గురించి దిగులు పడకండి. పవర్ బ్యాంకు మీద 20,000 ఎంఏహెచ్ అని ఉంటుంది, అయిదు వేల ఫోన్‌కు నాలుగు సార్లు వస్తుందని నోటిలెక్క వేసుకోండి. నిజానికి ఆ ఇరవై వేలూ లోపలి బ్యాటరీ 3.7 వోల్టుల లెక్కన చెప్పింది. ఫోన్‌కు అది 5 వోల్టులకు మారి వెళ్లాలి, ఆ మారడంలో కొంత వేడిగా పోతుంది. చివరికి చేతికొచ్చేది పన్నెండు పదమూడు వేలు, అంటే ఫోన్‌కు రెండున్నర సార్లు. ఈ లెక్క ముందే తెలిస్తే మనిషి పొదుపుగా ఉంటాడు, ప్రయాణంలో ఆ గుణం పనికిరాదు. విమానంలో వెళ్లేవాళ్లయితే పవర్ బ్యాంకును పెద్ద సూట్‌కేసులో అడుగున పెట్టి చెకిన్ చేసెయ్యండి. అది చేతిసంచిలోనే ఉండాలని, 100 వాట్ అవర్లు దాటితే విమానం కంపెనీని అడగాలని నియమాలున్నాయి. పాటిస్తే మీ పేరు మైకులో పిలవరు. జీవితంలో ఒక్కసారైనా ఎయిర్‌పోర్టు మైకులో పేరు వినబడాలని ఎవరికి ఉండదు?

బ్యాగు వెనక వేలాడదీసే పుస్తకమంత సోలార్ పలక కూడా కొనండి. అయిదు వాట్లది. 20,000 పవర్ బ్యాంకులో 74 వాట్ అవర్లు పడతాయి గనక, దాన్ని నింపడానికి పదిహేను గంటల నిట్టనిలువు ఎండ కావాలి. అడవిలో ఎండ చెట్ల కిందికి రూపాయి బిళ్లలంత ముక్కలుగా దిగుతుంది. నేను ఆ బిళ్లల వెనకాల పలక పట్టుకుని ఒక పూటంతా తిరిగాను. మిగతావాళ్లు ఏదో వాగులో దిగి స్నానాలు చేశారట. ఆ వాగు ఎలా ఉంటుందో నేను చెప్పలేను. ఫోన్ మాత్రం 11 నుంచి 14 శాతానికి వచ్చింది.

కొండలు ఇంకా ఎత్తైనవి కావాలనుకునే వాళ్లకు మా బావమరిది ఉదాహరణ. మోటారు సైకిలు మీద లద్దాఖ్ వెళ్లాడు. మన ప్రీపెయిడ్ సిమ్‌లు అక్కడ పనిచెయ్యవని, పోస్ట్‌పెయిడ్ ఉండాలని తెలిసినవాళ్లు చెప్పారు. 'పాటలు నా దగ్గరే ఉన్నాయి, సిమ్ ఎందుకు?' అన్నాడు. ఆ పాటలున్నది లోపల పళ్లెం తిరిగే రకం హార్డ్ డిస్కులో. ఈ పళ్లెం మీద చదివే ముల్లు పళ్లేన్ని తాకదు, పళ్లెం తిరుగుతుంటే పుట్టే గాలి పొర మీద వెంట్రుక మందంలో వెయ్యో వంతు కూడా లేని ఎత్తులో తేలుతూ ఉంటుంది. గాలి పలచబడితే ఆ తేలడం తడబడుతుంది. అందుకే ఇలాంటి డిస్కులు చాలావాటికి పనిచేసే ఎత్తు 3,048 మీటర్ల వరకు, అంటే పదివేల అడుగుల వరకు అని కాగితంలో చిన్న అక్షరాల్లో రాస్తారు. లేహ్ ఊరే 3,500 మీటర్ల ఎత్తులో ఉంది. ఒక రాత్రి గెస్ట్ హౌస్‌లో డిస్కు టక్, టక్ మని చప్పుడు చేసి ఊరుకుంది. దీపం కొండెక్కడం విన్నాంగానీ, డిస్కు నిజంగానే కొండెక్కి కొండెక్కడం మా ఇంట్లోనే జరిగింది. పళ్లెం లేని ఎస్ఎస్‌డీకో, మెమరీ కార్డుకో ఈ గాలి గొడవ లేదు. చలికి బ్యాటరీ నీరసపడడం మాత్రం దేనికైనా తప్పదు, రాత్రి ఫోన్‌ను రగ్గులో పక్కన పెట్టుకుని పడుకోవాలి, పసిపిల్లను పడుకోబెట్టుకున్నట్టు. మావాడు దాన్ని కిటికీలో పెట్టాడు, చుక్కలు ఫొటో తియ్యాలని.

బ్లూటూత్ స్పీకరు తీసుకెళ్లడం మరవకండి, వీలైనంత పెద్దది. పాపికొండలు 2008 నుంచి జాతీయ పార్కు. అటువంటి అడవుల్లో గోల చెయ్యొద్దని, హారను కొట్టొద్దని అటవీశాఖ వాళ్లు బోర్డులు పెడతారు. అక్కడి పిట్టలకు మన డీజే రీమిక్సులు వినే అవకాశం ఇంకెవరిస్తారు? పొద్దున్నే గుడిస కొండ మీద మబ్బులు కాళ్ల కింద పరుచుకుని ఉంటే, నాలుగు జీపుల వాళ్లు నాలుగు వేర్వేరు పాటలు ఒకేసారి పెట్టడం విన్నాను. ఏదీ అర్థం కాలేదుగానీ, గాలి శబ్దం మాత్రం పూర్తిగా అణిగిపోయింది. మన లక్ష్యం అదే కదా.

ఇక సినిమాలు. పదకొండు మందికి ఒక పది అంగుళాల టాబ్లెట్టు ధారాళంగా సరిపోతుంది. అందులో నూట ఇరవై సినిమాలు పెట్టాను, అదృష్టవశాత్తూ టాబ్లెట్టుకు డిస్కుతో పనిలేదు. రాత్రి కాటేజీలో కరెంటు పోయింది, అందరూ ఒక మంచం చుట్టూ చేరారు. ఏ సినిమా పెట్టాలన్న చర్చ ఎనిమిదింటికి మొదలైంది. మా తోడల్లుడుగారికి దాన వీర శూర కర్ణ కావాలి. రామారావుగారు అందులో కర్ణుడూ దుర్యోధనుడూ కృష్ణుడూ తానే అయి, దర్శకత్వమూ తానే చేశారు, నిడివి దాదాపు నాలుగు గంటలు. బ్యాటరీ 38 శాతం ఉంది. పిల్లలకు ఇంగ్లీషు కార్టూను కావాలి. మా ఆవిడకు ఏదీ వద్దు, నిద్ర కావాలి. తొమ్మిదింబావుకు మాయాబజార్ మీద రాజీ కుదిరింది.

నొక్కాను. బొమ్మ అద్భుతంగా వచ్చింది. శబ్దం రాలేదు.

మాయాబజార్‌కు రంగులు వేసి 2010లో మళ్లీ విడుదల చేసినప్పుడు, 1957 నాటి మోనో శబ్దాన్ని డీటీఎస్‌కు మార్చారు. థియేటర్లో గొప్పగా ఉండే ఆ డీటీఎస్ నా టాబ్లెట్టులోని ప్లేయరుకు తెలియని భాష. 'ఈ ఆడియో ఫార్మాటుకు సపోర్టు లేదు' అని కింద చిన్న అక్షరాల్లో చెప్పి ఊరుకుంది. వీఎల్‌సీ అని ఒక ఉచిత ప్లేయరుంది, 1996లో పారిస్‌లో ఇంజినీరింగు చదివే కుర్రాళ్లు మొదలుపెట్టింది. ఏది పెట్టినా వంక పెట్టకుండా తింటుందని పేరు. దాన్ని ఇంట్లో నెట్ ఉన్నప్పుడు వేసుకోకండి. నాలాగే అడవిలో గుర్తు తెచ్చుకోండి.

నేను సెట్టింగులు కెలుకుతుండగా తెర మీద పెదవులు కదులుతున్నాయి. అప్పుడు మా అత్తగారు, ఎవరూ అడక్కుండానే, ఆ పెదవులకు మాటలు అందివ్వడం మొదలుపెట్టారు. ఈ సినిమా వచ్చినప్పుడు ఆవిడకు తొమ్మిదేళ్లట, రామచంద్రపురం దగ్గర టూరింగు టాకీసులో నేల టిక్కెట్టు మీద చూశారట, ఆ తరవాత ఎన్నిసార్లు చూశారో లెక్కలేదట. మొదట గొంతు సన్నగా ఉంది. మార్కస్ బార్ట్‌లే తీసిన వెన్నెల్లో పడవ పాట వచ్చేసరికి మా ఆవిడ నిద్ర మాని గొంతు కలిపింది. గుమ్మం దగ్గర కూర్చుని బీడీ ఆర్పేసిన డ్రైవరు ఘంటసాల వంతు అందుకున్నాడు. ఆ మనిషి పాడగలడని మూడు రోజుల్లో అప్పుడే తెలిసింది. నేను పెట్టనివ్వని ముప్ఫై పాటల్లో అదీ ఉందట.

అసలు తమాషా మాయా శశిరేఖ దగ్గర. బొమ్మ సావిత్రిది, లోపలున్నది ఘటోత్కచుడు. తెర మీద సావిత్రి నాజూకుగా నడుస్తూ నడుస్తూ ఒక్కసారి తొడ చరిచేలా నిలబడుతుంది. అక్కడ మా అత్తగారు పమిట బిగించి, ఎస్వీ రంగారావు గొంతు పెట్టారు. డెబ్భై దాటిన ఆ గొంతులోంచి ఆ గర్జన ఎలా వచ్చిందో తెలియదు, బయట కుక్క ఒకటి మొరిగింది. పిల్లలు మంచం మీంచి దొర్లి నవ్వారు. రేలంగి మాటలు తోడల్లుడుగారు అందుకున్నారు, ఆయన ప్రభుత్వాఫీసులో పెద్ద ఉద్యోగి, ఇంట్లో గొంతు పెంచి మాట్లాడగా ఎవరూ వినలేదు. మర్చిపోయిన చోట ఒకరికొకరు అందించుకుంటున్నారు. ఒకచోట పింగళివారి మాట ఏదన్న దాని మీద అత్తగారికీ డ్రైవరుకూ వాదం వచ్చింది. నెట్ ఉంటే క్షణంలో తేలిపోయేది. లేదు గనక పావుగంట సాగింది, చివరికి ఆవిడే నెగ్గారు, పెద్దావిడ గనక.

ఘటోత్కచుడు లడ్ల ముందు కూర్చునే సమయానికి టాబ్లెట్టు ఆరిపోయింది. నేను లేచి పవర్ బ్యాంకు వెతుకుతున్నాను. ఎవరూ ఆగలేదు. చీకట్లో బొమ్మ కూడా లేకుండా సినిమా పెళ్లి దాకా వెళ్లింది. పన్నెండు దాటింది. నా దగ్గర రెండు టెరాబైట్లుండి, ఇంత పకడ్బందీగా ఏర్పాట్లు చేసుకుని కూడా, పదకొండు మంది ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండా ఆపలేకపోయాను. ఈ తప్పు మీరు చెయ్యకూడదనే ఇదంతా రాస్తున్నాను. తలా ఒక టాబ్లెట్టు, తలా ఒక ఇయర్‌ఫోను ఉండి తీరాలి. డ్రైవరుకు కూడా.

ఆదివారం తిరుగుదారిలో రంపచోడవరం దగ్గర గీతలు మళ్లీ నిలబడ్డాయి. పదకొండు ఫోన్లు ఒకేసారి టింగు టింగు మన్నాయి. రాజమండ్రి వచ్చేదాకా వ్యానులో ఇంకెవరూ మాట్లాడలేదు, చాలా ప్రశాంతంగా గడిచింది.

కేబులు అనుకున్న చోటే, కంప్యూటరు వెనకే ఉంది. డిస్కులో ఇంకా 17 జీబీ ఖాళీ ఉంది. నా దగ్గర లేనివి మీ దగ్గర ఏమైనా ఉంటే పట్టుకురండి, ఎక్కించుకుంటాను. వచ్చేటప్పుడు ఆ వెడల్పు మూతి తీగ మాత్రం మీదే తెచ్చుకోండి. నాది ఎవరికీ ఇవ్వను.